మోడెంకు చేతుల్లేవు సార్

ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు శత్రువులను క్షమించమని చెప్పినప్పుడల్లా నేను తల ఊపుతాను. అందరినీ క్షమిస్తాను. ఆయన ఒక్కణ్ణి మాత్రం పక్కన పెట్టి మిగతావాళ్లను క్షమిస్తాను. ఈ సంగతి దేవుడికి తెలుసు. ఇన్నేళ్లలో నన్నేమీ అనలేదు.

ఆయన నల్లగొండలో టెలిఫోన్ల ఇంజనీరు. నేను దేవరకొండ ఎక్స్‌ఛేంజీలో ఊడ్చేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఒక వైరు, ఒక బటను ఉండేవి. వైరు సంగతి ఆయనకు తెలుసు. బటను సంగతి తెలియదు. తెలుసుకోమని చెప్తే చెవిన పెట్టలేదు. ఈ కథంతా దాని గురించే.

ఎనభైల చివర మా ఊరికి కొత్త ఎక్స్‌ఛేంజీ వచ్చింది. అంతకుముందు ఆపరేటరమ్మ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, చేత్తో తీగలు గుచ్చి తీసి ఫోన్లు కలిపేది. కొత్తది అట్లా కాదు, మనిషెత్తు ఇనుప బీరువాలు రెండు. వాటిలో అరల నిండా కార్డులు, ఎర్రవీ పచ్చవీ చిన్న చిన్న లైట్లు. గదికి ఏసీ పెట్టారు. గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు రాశారు. ఆ మిషనుకు దుమ్ము పడదట. మా ఊరిలో దుమ్ము తప్ప ఏముంది? ఎండాకాలం గుట్ట మీది నుంచి గాలి లేస్తే పళ్ల మధ్య కూడా కరకరమంటుంది. అందుకని నన్ను పెట్టుకున్నారు. పెట్టుకున్న మొదటిరోజే చీపురు లోపలికి తేవద్దన్నారు, దుమ్ము లేస్తుందని. తడిగుడ్డతోనే తుడవాలి. ఊడ్చే పనికి పెట్టుకున్న మనిషి చేతిలోంచి చీపురు గుంజుకున్న ఆఫీసు అదొక్కటేనేమో.

టెక్నీషియను ఖాళీ ఎప్పుడూ నిండలేదు. లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు, బాబాయి వరసన చిచా అనేదాన్ని, కానీ ఆయన పొద్దున్నే సైకిలెక్కి వెళ్తే సాయంత్రానికి గాని రాడు. తండాల దాకా స్తంభాలు, తీగలు అన్నీ ఆయన మీదే. పొద్దున ఎనిమిది నుంచి పొద్దుగూకేదాకా ఆ చల్లటి గదిలో నేనూ మిషనూ మిగిలేవాళ్లం.

నల్లగొండలో అప్పుడు ఒక పెద్దాయన ఇంజనీరుగా ఉండేవాడు. మిషనుకు ఏ చిన్న రోగం వచ్చినా అక్కడి నుంచి బస్సెక్కి రావడం ఆయన మోకాళ్ల వల్ల కాలేదు. ఒకరోజు చెప్పుల డబ్బా అంత పెట్టె తెచ్చి మిషనుకు ఒకవైపు, ఫోనుకు ఒకవైపు తగిలించాడు. దాని పేరు మోడెం. నల్లగొండలో ఆయన టేబులు మీద అలాంటిదే ఇంకోటి ఉంది. అక్కడ ఆయన టైపు చేస్తే ఇక్కడ మా మిషను వింటుంది, జవాబు చెబుతుంది. ఫోను మోగితే తనంతట తానే ఎత్తుకునే మోడెం కూడా ఉంటుందట. మాకు వచ్చింది ఆ జాతిది కాదు. దానికి మనిషి కావాలి.

పెద్దాయన నన్ను పక్కన నిలబెట్టి నేర్పించాడు. ఫోను మోగితే ఎత్తాలి. మనిషి మాట్లాడితే మాట్లాడాలి. కీ...మని ఈల వినబడితే మోడెం మీది తెల్ల బటను నొక్కాలి. పచ్చ లైటు వెలగగానే ఫోను మెల్లగా పెట్టెయ్యాలి. "నువ్వు పదోది పాసయినవట గదమ్మా, గింత పని నీకు కష్టమా?" అన్నాడు. కష్టం కాదు. మొదటిసారి పచ్చ లైటు వెలిగినప్పుడు మాత్రం ఒళ్లంతా పులకరించింది.

మూలన ఒక ప్రింటరు ఉండేది. నల్లగొండలో టైపు చేసిందీ, మా మిషను ఇచ్చిన జవాబూ రెండూ దాని మీద అచ్చు పడేవి. ముందు మా మిషను పేరు అడుగుతుంది. పెద్దాయన పేరు కొడతాడు. తర్వాత రహస్యపు మాట అడుగుతుంది. అది అచ్చు పడదు, దాని జాగా ఖాళీగా ఉంటుంది. మాట తప్పయితే మిషను మళ్లీ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే టక్కున లైను కోసేస్తుంది. అప్పుడు ఫోను మళ్లీ మోగుతుంది, నేను మళ్లీ నొక్కాలి. చూస్తూ చూస్తూ ఏ కమాండు కొడితే ఏ కార్డు ఆగుతుందో, ఏది కొడితే లేస్తుందో నాకూ తెలిసిపోయింది. ఒకసారి వానకు ఆముదాల సేటు ఫోను మూగబోయింది. నల్లగొండలో రెండు వరుసలు కొట్టేసరికి బాగయింది. సేటు పూలదండ తెచ్చి మిషనుకు వేసిపోయాడు. అది పూలు రాల్చింది, నేను తుడిచాను.

మొదట్లో పెద్దాయన "నేనేనమ్మా, ఒత్తు" అనేవాడు. కొన్నాళ్లకు ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. మోగితే ఎత్తడం, ఈల వింటే నొక్కడం. నా గొంతు ఆ వైరులో వినబడి ఏళ్లయిపోయింది.

నాకు కావలసింది ఒక్కటే, నా పేరు ఉన్న కాగితం. ఇంతకాలం పనిచేసిన వాళ్లను పర్మినెంటు చేస్తారని యూనియన్‌వాళ్లు చెప్పేవారు. కానీ పనిచేసినట్టు రుజువేది? ఎక్స్‌ఛేంజీ హాజరు పుస్తకంలో నా పేరు లేదు. "స్వీపరు, ఒకరు" అని ఉండేది. ఆ ఒకరు ఎవరైనా కావచ్చు. మా నాయిన కూడా అంతే. మల్లేపల్లి తొవ్వ పొడుగునా టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తీసింది ఆయనే. రాతినేలలో గడ్డపార దిగక అరచేతులు పగిలేవి. ఏ కాగితంలోనూ ఆయన పేరు లేదు, "కూలీలు, నలుగురు" అని ఉంది. ఆయన పోయేనాటికి స్తంభాలు నిలబడి ఉన్నాయి, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. నా సంగతి అట్లా కానియ్యనని అనుకున్నాను.

పెద్దాయన రిటైరయ్యాడు. కొత్తాయన వచ్చాడు. ఆయనది మా దిక్కు మాట కాదు. మేము మాట్లాడితే పుస్తకంలో అచ్చుతప్పు చూసినట్టు మొహం పెట్టేవాడు. పోయేవాడు వచ్చేవాడికి అన్నీ అప్పజెప్పాడు గానీ బటను సంగతి చెప్పడం మరిచాడు. కొత్తాయన నల్లగొండలో కూర్చుని నంబరు తిప్పేవాడు. ఇక్కడ రెండుసార్లు మోగేది, ఈల, స్క్రీను మీద పేరు అడిగేది. మోడెం తానే ఎత్తుకుందనుకున్నాడు. నా వేలు అంత సాఫీగా పనిచేసేది మరి.

మూడో నెలలో జీపులో తనిఖీకి వచ్చాడు. బూట్లతోనే గుమ్మం దాటాడు. నా నోరు ఊరుకోలేదు.

"సార్, బూట్లు బయట ఇడవాలె. దుమ్ము పడుతది."

ఆయన ఆగి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. వెనక ఇద్దరు గుమాస్తాలు, చిచా, జీపు డ్రైవరు ఉన్నారు.

"దుమ్ము ఉందా?" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని కాలు ముందుకు చాపాడు. "అయితే తుడువు. నీ పని అదేగా."

తుడిచాను. చేతిలో తడిగుడ్డ ఉంది, మోకాళ్ల మీద కూర్చుని ఒక బూటు తుడిచాను. ఆయన రెండో కాలు చాపాడు. అదీ తుడిచాను. చిచా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ బూట్లు నల్లవి, ఎడమదాని లేసు చివర పీలికలైంది. అదంతా ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. చచ్చేదాకా ఉంటుంది.

లేచి నిలబడి, కళ్లలో నీళ్లు మింగి, పనైనా చెప్పాలి కదా అని నోరు తెరిచాను. "సార్, గా మోడెం మీది బటను నేనే..."

"మిషన్ల గురించి నాకు చెప్పేంతదానివయ్యావా? నేల తుడుచుకో."

చిచా ధైర్యం చేశాడు. "సాబ్, ఫోను మోగితే ఆమెనే..."

"తెలుసులేవయ్యా" అని జీపెక్కాడు. ఆయనకు చెప్పలేదని రేపు ఎవరూ నన్ను అనకూడదు. ఇద్దరం చెప్పాం.

ఆ తర్వాత కూడా నేను నొక్కుతూనే ఉన్నాను. ఫోను మోగినప్పుడల్లా కడుపు మండేది. అయినా చెయ్యి దానంతటదే లేచేది. కాగితం కోసం ఓర్చుకున్నాను. ఏడేళ్లు నిండినాయి. చిచా మాట మీద ఆయనకు అర్జీ పెట్టుకున్నాను. ఇన్నేళ్ల నుంచి ఈ ఎక్స్‌ఛేంజీలో పనిచేస్తున్నానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టమని, అంతే.

దానికి జవాబు నాకు రాలేదు. హైదరాబాదుకు వెళ్లింది. దేవరకొండ ఎక్స్‌ఛేంజీని మొత్తం నల్లగొండ నుంచే నడుపుతున్నామనీ, అక్కడ మనిషి అవసరమే లేదనీ, ఇది తాను సాధించిన ఘనకార్యమనీ రాసుకున్నాడు. హైదరాబాదు నుంచి పెద్ద సాబు స్వయంగా చూడటానికి వస్తానన్నాడు. ఇక మనిషి లేనిచోట మనిషి కనబడకూడదు కదా. ఒక శనివారం ఒక్క వరుస ఉత్తర్వు వచ్చింది. స్వీపింగు పని రద్దు చేయడమైనది, తాళంచెవి నల్లగొండ ఆఫీసులో అప్పగించవలెను. పని రద్దయిందట. పోతున్న మనిషి పేరు అందులో కూడా లేదు.

ఆ సాయంత్రం గది తుడిచాను. మోడెం మీద దుమ్ము కూడా తుడిచాను. తాళం వేసి చెవి చిచా చేతిలో పెట్టాను. ఆయన అప్పుడే బస్సెక్కి నల్లగొండ పోయి ఇచ్చి వచ్చాడు. ఇంజనీరుసారు దాన్ని టేబులు సొరుగులో పడేశాడని ఆదివారం చర్చి ముందు నన్ను కలిసి చెప్పాడు.

"రేపు పదకొండింటికి బడా సాబ్ వస్తుండు, బేటీ. నల్లగొండల కూసొని గీ మిషన్‌ను ఆడిచ్చి చూపిస్తడట మన సాబ్. మరి బటన్ ఎవలు ఒత్తాలె?"

"నాకేమెరుక చిచా? మనిషి అవుసరం లేదని రాసిండు గద."

"పోనీ జర ఫోన్ చేసి చెప్దామా?"

"మనం ఎన్నిసార్లు చెప్పినం?"

చిచా కొంచెంసేపు సైకిలు హ్యాండిల్ చూసుకున్నాడు. తర్వాత గడ్డంలో నవ్వుకున్నాడు. "రేపు నాకు తండాల పని ఉన్నది. పొద్దుగూకేదాక రాను" అని వెళ్లిపోయాడు.

నిజం చెప్తున్నాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన పరువు దక్కేది. చెప్పే ఉద్దేశం నాకు వెంట్రుకంత కూడా లేదు.

సోమవారం పొద్దున ఎక్స్‌ఛేంజీకి ఎదురుగా ఉన్న ఛాయ్ హోటల్లో పనికి చేరాను, గ్లాసులు కడగడానికి. ఆ హోటలాయన ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. హోటల్లోనే ఒక మూల ఎస్టీడీ ఫోను ఉండేది, ఎక్స్‌ఛేంజీకి అన్నిటికంటే దగ్గరది అదే. రోడ్డు అవతల ఎక్స్‌ఛేంజీ తలుపుకు తాళం వేలాడుతోంది. పైన వెంటిలేటరు అద్దం పగిలి ఏడాదయింది, ఎన్నిసార్లు చెప్పినా కొత్తది వేయించలేదు.

పదకొండు దాటిందో లేదో లోపల ఫోను మోగింది.

నా తడి చెయ్యి గ్లాసు వదిలేసి పైకి లేచింది. ఏడేళ్ల అలవాటు. చెయ్యిని మళ్లీ తొట్టిలో పెట్టాను. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగుతుంటే హోటలాయన నావైపు చూశాడు.

"అక్కా, మీ ఎక్స్‌ఛేంజీల ఫోను మోగుతాంది."

"మోగనియ్యి తమ్మీ."

ఎంత తియ్యగా ఉందో ఆ మోత! అక్కడ నల్లగొండలో ఏసీ గదిలో పెద్ద సాబు కుర్చీలో కూర్చుని ఉంటాడు. మనవాడు మళ్లీ నంబరు తిప్పుతుంటాడు. కర్చీఫు తీసి మెడ తుడుచుకుంటుంటాడు. ఒక్కో మోతకూ ఒక్కో గ్లాసు కడిగాను. తళతళా మెరిసేలా కడిగాను. ఎనిమిదోసారి ఆగాక కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత హోటల్లో ఎస్టీడీ ఫోను మోగింది.

హోటలాయన ఎత్తాడు. "ఆఁ సార్... తాళమేసున్నది సార్... ఎవ్వలు లేరు సార్... అండ్ల పని చేసే అక్క ఈడనే ఉన్నది, గ్లాసులు కడుగుతాంది... ఇస్తున్న సార్."

చేతులు చీరకొంగుకు తుడుచుకుని, తొందర లేకుండా వెళ్లి ఫోను తీసుకున్నాను.

"ఎక్స్‌ఛేంజీలో మోడెం ఎత్తడం లేదేం?" ఇంజనీరుగారి గొంతు. అరుపు లేదు, గుసగుస. పక్కన ఎవరో ఉన్నారన్నమాట.

"ఎట్ల ఎత్తుతది సార్? మోడెంకు చేతుల్లేవు సార్."

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లు నేను ఎత్తిన సార్. ఈల ఇనొస్తే తెల్ల బటను ఒత్తిన. మీకు చెప్పొచ్చిన. నేల తుడుచుకొమ్మన్నరు."

ఇంకా చిన్న గొంతుతో, "సరేనమ్మా. ఇప్పుడు వెళ్లి ఆ బటను నొక్కు" అన్నాడు. అమ్మా అన్నాడు! రెండేళ్లలో మొదటిసారి.

"ఇనొస్తలేదు సార్."

"బటను నొక్కమ్మా."

"జర గట్టిగ చెప్పుండ్రి సార్. లైను మంచిగ లేనట్టున్నది."

జిల్లాలో లైన్లన్నిటికీ బాధ్యుడాయన. ఆయనతో లైను మంచిగా లేదన్నాను. హోటలాయన నోట్లో ఛాయ్ ఆగిపోయింది.

"వెళ్లి, మోడెం మీద, బటను నొక్కు!" అని అరిచాడు. అరిచేసరికి ఆ గది మొత్తం విన్నట్టుంది. వెనక నుంచి ఎవరిదో బరువైన గొంతు "హూ ఈజ్ దట్?" అంది. ఫోను చేతులు మారింది.

"ఎవరమ్మా నువ్వు?" పెద్ద సాబు.

నా పేరు చెప్పాను. నాయిన పేరు కూడా చెప్పాను. ఏడేళ్ల నుంచి ఈ ఎక్స్‌ఛేంజీలో పొద్దున ఎనిమిది నుంచి పొద్దుగూకేదాకా ఉన్నాననీ, మొన్న శనివారమే తీసేశారనీ చెప్పాను.

"ఇప్పుడు వెళ్లి ఆ బటను నొక్కగలవా?"

"ఒత్తుత సార్, ఒక్క నిమిషం పని. తాళంచెయ్యి ఇంజనీరుసారు టేబులు సొరుగుల ఉన్నది. పంపియ్యుండ్రి."

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వును ఇంకెవరో దగ్గుతో కప్పేశారు. లైను కట్టయింది. హోటలాయన నాకు అల్లం వేసి ఛాయ్ పెట్టి ఇచ్చాడు.

ఆ రోజు గెలిచాననుకున్నాను. పెద్ద సాబు నా పేరు విన్నాడు కదా, ఏదో చేస్తాడనుకున్నాను. ఏమీ చేయలేదు. ఆయన కారెక్కి హైదరాబాదు పోయాడు. నేను గ్లాసులు కడుగుతూ ఉండిపోయాను. కక్ష తీరింది గానీ కాగితం రాలేదు. ఉన్న ఒక్క ఆశ కూడా చేజేతులా పోగొట్టుకున్నానా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను.

మూడు వారాలకు రిజిస్టర్డు కవరు వచ్చింది. లోపల మెమో, ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివాను. సంగతేమంటే, పెద్ద సాబు దగ్గర మొహం మాడిపోయిన ఇంజనీరుగారికి ఎవరి మీదనో తప్పు వేయాలి. నా మీద వేశాడు. శాఖతో సంబంధం లేని నేను, అనుమతి లేకుండా, ప్రభుత్వ పరికరాన్ని వాడానట. ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా చెప్పాలట. జైల్లో వేస్తారేమోనని భయపడ్డాను. సాయంత్రం చిచా రాగానే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాను.

చిచా చత్వారపు అద్దాలు పెట్టుకుని ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి వేలు పెట్టి వరుస వరుసా చదివాడు. ఉన్నట్టుండి గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు.

"బేటీ, గిది మెమో కాదు. నీ పుట్టుక సర్టిఫికేటు."

"ఏందది చిచా?"

"ఏమి రాసిండో చూడు. ఫలానాయన బిడ్డ ఫలానా ఆమె. నీ పేరు, మీ నాయిన పేరు. గీ ఎక్స్‌ఛేంజీ పెట్టిన కాడి నుంచి మొన్నటి దాక, ప్రతి పనిదినం, పొద్దుగాల్ల నుంచి సాయంత్రం దాక ఆడనే కూసొని, మా మోడెం ఒత్తింది అని రాసిండు. నల్లగొండ రిజిస్టర్ల ఎన్నిసార్లు కలిపినరో అన్నిసార్లు ఆమెనే ఒత్తింది అని రాసిండు. కింద ఎవరి సంతకం? ఎవరి ముద్ర?"

గుండ్రటి నీలిముద్ర. దాని మీదుగా ఆయన సంతకం. ఏడేళ్లు ఎదురుచూసినా దొరకని కాగితం. నన్ను దోషిని చేయాలంటే ముందు నేను అక్కడ ఉన్నానని ఆయన రాయక తప్పలేదు. కోపంలో ఆ సంగతి చూసుకోలేదు. నేను కూడా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. చిచా తలకు చుట్టుకున్న రుమాలు తీసి ఇచ్చాడు.

జవాబు నేనే రాశాను. యూనియన్‌వాళ్లు ఇంగ్లీషులోకి మార్చారు గానీ మాటలు నావే. తమరు రాసిందంతా అక్షరాలా నిజం. నేను ప్రతిరోజూ అక్కడే ఉన్నాను, ప్రతిరోజూ నొక్కాను. తమరు రాసినదాంట్లో ఒకే ఒక్క పొరపాటు ఉంది. పనిదినాలే కాదు, చర్చి అయిపోయాక ఆదివారాలు కూడా చాలాసార్లు నొక్కాను. దయచేసి అవి కూడా నా నేరంలో కలపవలసిందిగా కోరుతున్నాను.

ఆ మెమో పట్టుకుని యూనియన్ కేసు వేసింది. రెండేళ్లు నల్లగొండకు తిరిగాను. ఆ మధ్యలో దేవరకొండకు తనంతట తానే ఎత్తుకునే మోడెం రానే వచ్చింది. ఇక నా వేలితో ఎవరికీ పని లేదు. అప్పటికి నా కాగితం నా దగ్గర ఉంది. విచారణలో ఇంజనీరుగారిని అడిగారు. ఆమె ఎవరో నాకు తెలియదు, అక్కడ అటువంటి మనిషి ఎప్పుడూ లేదు అన్నాడు. యూనియన్‌ వకీలు మెమో ఆయన ముందు పెట్టి, "ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. నేను ఆయన్ని చూశాను. జన్మలో అంత ఇష్టంగా ఎవరినీ చూడలేదు. "నాదే" అన్నాడు.

ఉత్తర్వు వచ్చింది. ఏడేళ్లూ సర్వీసులో కలిపి పర్మినెంటు చేశారు. పోస్టింగు నల్లగొండలో, ఆయన ఆఫీసులోనే. చేరేరోజు ఆయన చేతులమీదుగా కాగితం తీసుకోవాలి. కొత్త చీర కట్టుకుని వెళ్లాను. అలవాటు కొద్దీ గది బయట చెప్పులు విడిచాను.

ఆయన తల ఎత్తకుండా కాగితం టేబులు మీదుగా తోశాడు. నేను తీసుకోలేదు.

"జర చదివి ఇయ్యుండ్రి సార్."

"ఏం, చదవడం రాదా?"

"వస్తది సార్. మీ నోటెంట ఇందామని."

గుమాస్తాల టైపు మిషన్లు ఆగిపోయాయి. ఆయన కాగితం తీసుకుని గొణుగుతున్నట్టు చదివాడు.

"ఇనొస్తలేదు సార్. గట్టిగ."

ఒక గుమాస్తా దగ్గాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, మొదటి నుంచి, గది మొత్తానికీ వినబడేలా చదివాడు. నా పేరు చదివాడు. ఏ స్తంభం గుంతకూ రాయని మా నాయిన పేరు చదివాడు. ఏడేళ్లు అని చదివాడు. అయిపోయాక రెండు చేతులతో కాగితం అందుకున్నాను.

తిరిగి వస్తుంటే టేబులు కింద ఆయన కాళ్లు కనబడ్డాయి. బూట్ల మీద దుమ్ముంది. చూశాను, ఏమీ అనకుండా బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాను.